పూత మీద పూత

మేడ మీద తలుపుకి పెద్దాయన అవతలి నుంచి గడియ పెట్టుకున్నాడు.

"మామయ్యా, తలుపు తియ్యండి" అని కోడలు ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే గుర్తు లేదు. పార గీరుకుంటున్న చప్పుడు తప్ప అవతలి నుంచి జవాబు లేదు. పొద్దుటి నుంచి కూలీలు గిలక మీద లాగి పైకి చేర్చిన ఇసకని ఆయన ఒక్కడే కుప్ప చేస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, మొన్న రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాక ఇంట్లో మెతుకు ముట్టని మనిషి, మండుటెండలో ఇసక ఎత్తుతున్నాడంటే దాన్ని పని అనరు, పంతం అంటారు.

పార ఆగింది.

"కూలీలు భోజనానికెళ్ళి ఇంకా రాలేదేమిటి?"

"నేనే వెళ్ళిపొమ్మన్నాను, మామయ్యా."

"నువ్వా?"

"నేనే."

"మా ఇంజనీరమ్మ చెప్పించిందా?"

"లేదండీ. నా అంతట నేనే."

"బాగుంది. ఇంట్లో ఒక్కొక్కళ్ళకీ ఒక్కొక్క బుద్ధి పుడుతోంది. నాకు మాత్రం ఉన్నది పోయిందన్నమాట."

కోడలు తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి మామగారు ఆమెతో గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆమె కుట్టు మిషన్లు పెట్టుకుంటానంటే ఇంట్లో అందరికంటే ముందు సరేనన్నది ఆయనే. పై అంతస్తు మొత్తం ఖాళీ చేయించి ఇచ్చినవాడూ ఆయనే. అలాంటి మనిషి గొంతులో ఇవాళ ఆ వెటకారం వింటే ఆమెకి ఏడుపొచ్చింది.

"నేను మీ పక్షమే, మామయ్యా."

"నా పక్షమైతే కూలీలని పిలు. వానలు నెత్తి మీద ఉన్నాయి. ఈ ఏటి పూత ఇంకా పడలేదు."

మళ్ళీ పార చప్పుడు మొదలైంది.

ఆ పూత సంగతి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఈ బిల్డింగుని పునాది నుంచి పిట్టగోడ దాకా ఆయన తన చేతులతో కట్టుకున్నాడు. యజమాని అయ్యాక కూడా అందరూ మేస్త్రీగారనే పిలుస్తారు, ఆయనకీ అదే ఇష్టం. ఏటా వానలకి ముందు స్లాబు మీద కొత్త పూత వేయిస్తాడు. అందులో ఆయనకి ఒకటే పట్టుదల. పాతది తియ్యకూడదు, దాని మీదే కొత్తది వెయ్యాలి. సుత్తి, ఉలి పట్టుకుని ఎవడైనా మేడ ఎక్కితే ఆయన వాణ్ణి మెట్ల మీదే ఆపేస్తాడు. ఎదుటి వరస బిల్డింగుల్లో వానాకాలమంతా బకెట్లు పెట్టుకుంటారు. ఈ బిల్డింగులో ఎవరి మీదా చుక్క నీరు పడదు. కింది చెప్పుల షాపు, మందుల షాపు, మధ్య అంతస్తులో పళ్ళ డాక్టరు, ఆ పక్క వాటాలో తమ కాపురం, పైన కోడలి కుట్టు హాలు, అన్నీ ఆ కప్పు కింద నిశ్చింతగా ఉన్నాయి.

మొన్న భోజనాల దగ్గర ఇంజనీరు కూతురు ఆ నిశ్చింత మీద నీళ్ళు చల్లింది. కట్టడాలు పరీక్షించడమే దాని ఉద్యోగం. సెలవు మీద పుట్టింటికొచ్చి ఊరికే కూర్చోలేక మేడంతా తిరిగి, కప్పు అంచు దగ్గర పూతల మందం కొలిచి, తండ్రి కంచంలో రెండో వడ్డన పడుతుండగా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"నాన్నా, నీ కప్పు కారదు. ఆ మాట నిజం. కానీ కూలుతుంది."

ఆయన లేచాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున్నే ఇసక దిగింది.

*

కోడలు మెట్లు దిగి హాల్లోకి వచ్చేసరికి మిషన్లన్నీ జోరుగా నడుస్తున్నాయి. బళ్ళు తెరిచేలోగా యూనిఫాంలు అందాలి. ఆడవాళ్ళు తల ఎత్తడం లేదు.

కటింగ్ బల్ల మీద టప్‌మని ఏదో పడింది. అరచేయంత పెచ్చు. కత్తిరించి పేర్చిన కాలర్ల మీద సున్నం పొడి లేచింది. కటింగ్ చేసే పెద్దావిడని హాల్లో అందరూ కటింగక్క అంటారు. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, చీపురుతో ఆ పెచ్చుని తీసి మూలనున్న డబ్బాలో వేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ కత్తెర అందుకుంది.

"ఎప్పటి నుంచి పడుతున్నాయి, అక్కా?"

"పడుతూనే ఉంటాయమ్మా."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు మేస్త్రీగారికి చెప్తావు. ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు. కప్పు అంటే ఆయనకి ప్రాణం కదా! పొద్దున్నే ఆయన పైకొచ్చే వేళకి మేమే ఊడ్చేస్తుంటాం."

కోడలు కప్పు వంక చూసింది. పైన పార చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడుకీ ఈ ఆడవాళ్ళ తలలకీ మధ్య ఉన్నది ఒక్క స్లాబే అని ఇన్నేళ్ళలో ఆమెకి మొదటిసారి తట్టింది.

"ఒక్క పది నిమిషాలు. నేనిప్పుడే వస్తాను" అని చెప్పి కిందికి పరిగెత్తింది.

*

ఇంట్లో అన్నాచెల్లెళ్ళు తాడోపేడో తేల్చుకునే ధోరణిలో ఉన్నారు. ధోరణి అంతా చెల్లెలిదే. అన్న, కోడలి భర్త, గోడకి చేరబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. కింద చెప్పుల షాపు ఆయనదే. వచ్చినవాడు తొమ్మిదో నంబరు అడిగితే ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ముందు పెట్టి 'చూసుకోండి' అనే రకం.

"చూద్దామే. ఆయన్ని తొందర పెడితే ఇంకా బిగుసుకుంటాడు" అన్నాడు.

"కప్పు కూడా చూద్దాం అంటుందేమో అడిగిరా, అన్నయ్యా!"

"అది కాదే..."

"ఏది కాదు? ఒక్కొక్క పూత పలచనే. కానీ ఇన్నేళ్ళ పూతలు కలిస్తే ఎంతయిందో తెలుసా? ఈ స్లాబు మీద ఇంకో స్లాబు కూర్చుంది. ఆ పైన ఇవాళ ఇసక! అదీ సరిగ్గా నడి మధ్యన!"

"పెచ్చులు పడుతున్నాయి" అంది కోడలు గుమ్మంలోంచి. "రోజూ పడుతున్నాయట. మనకి తెలియకుండా ఊడ్చేస్తున్నారు."

ఆడపడుచు ముఖం పాలిపోయింది. "వదినా, మిషన్లు ఆపించు. ఇప్పుడే."

"ఆపిస్తాను. కానీ ఆయన పైనున్నారు. గడియ పెట్టుకున్నారు."

"పగలగొట్టండి తలుపు."

"పగలగొడితే దిగొస్తాడా మీ నాన్న?" అంది అత్తగారు. ఆవిడ అప్పటిదాకా మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇంట్లో ఎంత రభస జరిగినా ఆవిడ చేతికి ఏదో ఒక పని ఉంటుంది. "నువ్వు ఆయనకి లెక్క చెప్పావు, అమ్మలూ. లెక్క ఆయనకీ వచ్చు. భయం సంగతి నీకు తెలియదు."

"భయమా? నాన్నకా?"

అత్తగారు తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"అప్పుడు మేం పైనే ఉండేవాళ్ళం. ఇప్పుడు మిషన్లున్న చోటే. ఒక వేసవిలో పాత పూత పాడైందని మొత్తం చెక్కించాడు. ఎండలు మండిపోతున్నాయి కదా, వానెక్కడిదని ధైర్యం. ఆ రాత్రే ఎక్కడ లేని వానా కురిసింది. స్లాబంతా విప్పి ఉంది. మేం నిద్రలో ఉన్నాం. లేచి చూసేసరికి ఉయ్యాల్లో పసిపిల్ల నీళ్ళలో నానిపోతోంది. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు పెదవి విరిచేశాడు. మీ నాన్న ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఈ బిల్డింగు అమ్మేస్తాను, ఊరొదిలి పోతాను అని ఒకటే ఏడుపు. పిల్ల బతికి బట్ట కట్టింది. ఆ తర్వాత ఆ కప్పు మీద ఎవర్నీ ఉలి పెట్టనివ్వలేదు."

పక్క వాటాలోంచి పళ్ళ డాక్టరు మిషను గుయ్యిమంటోంది.

"ఆ పిల్ల నేనేనా, అమ్మా?"

"మరెవరు? నీ వెనక నాకు ఇంకెవరున్నారు?"

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. పెద్దయ్యాక అది నన్ను తప్పు పడుతుంది అన్నాడు."

ఆడపడుచు కిటికీ వైపు తిరిగిపోయింది. గట్టి మనిషి, కన్నీళ్ళు ఎవరికీ చూపించదు.

"నా కోసం వేసిన పూతలన్నీ కొలిచి, నువ్వు తప్పు చేశావని అందరి ముందూ ఆయనకే చెప్పాను, వదినా."

కోడలు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల మీద జాలి, పైనున్న పెద్దాయన మీద అంతకంటే జాలి. కానీ జాలి పడుతూ కూర్చుంటే కప్పు ఊరుకోదు.

"ఏవండీ, మీరు కింది షాపులవాళ్ళకి చెప్పండి. డాక్టరుగారికి కూడా. నేను హాలు ఖాళీ చేయిస్తాను."

"ఏమని చెప్పను?" అన్నాడు భర్త.

"బయటికి రమ్మని చెప్పండి. కారణం అడిగితే, బయటికొచ్చాక చెప్తాననండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. అదే గొప్ప.

*

మిషన్లు ఆగేసరికి హాలు వింతగా అనిపించింది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవరి సంచులు వాళ్ళు తీసుకుని కిందికి పదండి. కరెంటు పని ఉంది" అంది కోడలు. అబద్ధం చెప్పానే అనుకుంది మళ్ళీ. ఈ ఇంట్లో ఒకరి కోసం ఒకరు ఆడిన అబద్ధాలు చాలవా? "కాదు. కప్పు బాగా లేదు. బాగయ్యేదాకా ఎవరూ ఇక్కడ కూర్చోవద్దు."

"మరి యూనిఫాంలు?" అంది ఒకామె.

"పిల్లలు పాత బట్టల్తో వెళ్తారు. మీరుండాలి ముందు."

వాళ్ళు లేచారు. మొదటామె తలుపు లాగితే అది సగంలో బిగుసుకుపోయింది. ఇద్దరు కలిసి లాగారు. కటింగక్క భుజంతో ఒక్క తోపు తోస్తే కిర్రుమంటూ తెరుచుకుంది.

"మళ్ళీ ఉబ్బిందమ్మా. వడ్రంగిని పిలవాలి" అంది కటింగక్క వెళ్తూ వెళ్తూ.

కోడలు అక్కడే ఆగిపోయింది. వడ్రంగి ఇప్పటికే వచ్చి ఆ తలుపుకి చిత్రిక పట్టి వెళ్ళాడు. అది చలికాలంలో. వేసవి మొదట్లో మళ్ళీ పట్టేస్తే మళ్ళీ పిలిపించింది. చిన్న పని, మామగారికి చెప్పడమెందుకని మామగారు బజారుకెళ్ళిన వేళ చూసి చేయించింది. ఆమె తల ఎత్తి ద్వారబంధం పైకి చూసింది. సున్నం కింద వెంట్రుకంత గీత ఒకటి ద్వారబంధం మూల నుంచి దూలం దాకా పాకి ఉంది.

ఆమె మళ్ళీ మేడ మెట్లు ఎక్కింది. ఈసారి తలుపు తట్టలేదు. పై మెట్టు మీద కూర్చుంది.

"మామయ్యా, ఒక మాట అడుగుతాను. మామగారిగా కాదు, మేస్త్రీగారిగా చెప్పండి. ఎండాకాలంలో చెక్క తలుపు ఉబ్బుతుందా?"

పార ఆగింది.

"ఇదేం ప్రశ్న? ఎండకి చెక్క బిగువు వదులుతుంది గాని ఉబ్బుతుందా?"

"హాలు తలుపు పట్టేస్తోందండీ."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. రెండుసార్లు చిత్రిక పట్టించాను. ఇవాళ మళ్ళీ పట్టేసింది."

అవతల అడుగుల చప్పుడు. ఆయన తలుపు దగ్గరికొచ్చాడు. ఊపిరి వినిపిస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చిన్న పనే కదా అని... కాదండీ. మీరు మనసు కష్టపెట్టుకుంటారని."

"ఇంకా ఏం చెప్పలేదు నాకు?"

"పెచ్చులు పడుతున్నాయి. రోజూ. మీరొచ్చే వేళకి ఊడ్చేస్తున్నారు."

"ఎవరు ఊడ్చమన్నారు?"

"ఎవరూ అనలేదు, మామయ్యా. మీ మీద ప్రేమ కొద్దీ..."

"ప్రేమా!" తలుపు అదిరింది. ఆయన అరచేత్తో కొట్టినట్టున్నాడు. "కప్పు నాతో చెప్పుకోవాలని చూస్తుంటే, మీరంతా కలిసి దాని నోరు మూశారా! నాలుగు పెచ్చులు చూసుంటే నాకు తెలిసేది కాదా? ఒక్క తలుపు చూసుంటే, కప్పు కుంగి దాన్ని నొక్కుతోందని తెలిసేది కాదా? నేనేమైనా పసివాణ్ణా, నా దగ్గర దాచడానికి?"

కోడలు ఏడ్చేసింది. "తప్పయిపోయింది, మామయ్యా."

ఆ తర్వాత గడియ కదిలింది.

*

ఆయన హాల్లోకి వచ్చి ఎవరి వంకా చూడలేదు. కూతురు వచ్చి ఒక మూల నిలబడింది. అత్తగారు మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆయన ద్వారబంధం మీది గీతని బొటనవేలితో తడిమాడు. తలుపు మూసి చూశాడు, తెరిచి చూశాడు. బూజుకర్ర తిరగేసి పట్టుకుని, మొదలుతో కప్పుని తడుతూ గోడ దగ్గర నుంచి మధ్యకి నడిచాడు. గోడ దగ్గర గట్టిగా పలికింది. మధ్యకి వచ్చేసరికి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా పలికింది. అక్కడ కర్ర దించేశాడు. ముఖం మీద ఇసక, చెమట కలిసి చారలు కట్టాయి.

"ఎలా తియ్యాలంటావు?" అన్నాడు. ఆ ప్రశ్న కూతురికి.

ఆమె గొంతు సవరించుకుంది. "ముందు కింద కప్పుకి ఆసరాగా ఇనప జాకీలు నిలబెట్టాలి, నాన్నా. అవి నిలబడేదాకా పైన ఎవరూ నడవకూడదు. తర్వాత ఇసక దించాలి. ఆ తర్వాత పూతలు. అంచుల నుంచి, అన్ని వైపులా సమానంగా, కొంచెం కొంచెం."

"ఒక్కచోటే చెక్కితే?"

"బరువు ఒక పక్కకి పడుతుంది."

"ఊఁ." ఆయన ఒప్పుకున్నాడు. "మధ్యలో వానొస్తే?"

"టార్పాలిన్ కప్పుదాం. అయినా కారితే కారనీ, నాన్నా. తడిస్తే తుడుచుకుంటాను. ఇప్పుడు నేను పసిపిల్లని కాదు."

ఆయన చప్పున భార్య వంక చూశాడు.

"చెప్పేశావా?"

"చెప్పేశాను. ఎన్నాళ్ళని దాచి పెట్టుకోను? నాకూ వయసొచ్చింది" అంది ఆవిడ.

కూతురు దగ్గరికి వచ్చింది. ఆయన చేతిలో కర్ర తీసుకుని పక్కన పెట్టింది. ఆయన చొక్కా మీది ఇసక దులిపింది. ఆయన దులిపించుకున్నాడు. కోడలికి అప్పుడు ప్రాణం కుదుటపడినట్టయింది. ఇంక అంతా చక్కబడుతుందనే అనుకుంది.

కిటికీ రెక్క టపామని కొట్టుకుంది. ఎండ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. గాలి దుమ్ము లేపుకుంటూ వీధిలోంచి వచ్చింది. వెనకే ఒక ఉరుము.

పెద్దాయన ముఖంలో రంగు మారింది.

"తూములు" అన్నాడు.

"ఏమైంది, నాన్నా?"

"పొద్దున మేడ మీద నీళ్ళు పోయే తూములన్నిటికీ గోనెగుడ్డ కూరాను. సిమెంటు నీళ్ళు పైపుల్లోకి దిగకుండా. ఏటా చేసేదే. చుట్టూ పిట్టగోడ. వాన పడితే చుక్క బయటికి పోదు. ఇసక కూడా పీలుస్తుంది."

అప్పుడే భర్త రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "షాపులు ఖాళీ అయ్యాయి. డాక్టరుగారి దగ్గర మాత్రం ఒకాయన కుర్చీలో ఉన్నాడు. పన్ను సగం ఊడింది. రక్తం ఆగాలి, ఇప్పుడు లేపలేనంటున్నాడు డాక్టరు."

"ఇద్దర్నీ కుర్చీతో సహా మోసుకుపో!" అంది చెల్లెలు.

"ఆ కుర్చీ నేలకి బిగించి ఉందే!"

చినుకులు మొదలయ్యాయి. చినుకులు కావవి, పెద్ద పెద్ద బొట్లు. నెత్తిన స్లాబు మీద దభదభమని పడుతున్నాయి.

"నేను వెళ్ళి గోనెగుడ్డలు లాగేస్తాను" అన్నాడు భర్త. అంత సూటిగా ఆయన మాట్లాడటం కోడలు ఎప్పుడూ వినలేదు.

"నువ్వు నాన్నకి రెట్టింపు బరువు. నోరు మూసుకో" అంది చెల్లెలు. "డాక్టరుగారి దగ్గరికే మళ్ళీ వెళ్ళు. రక్తం కారినా పర్లేదు, నోట్లో గుడ్డ కుక్కించి కిందికి తీసుకుపో. అమ్మని కూడా."

"కింద నుంచి పైపులో పొడిస్తే?"

"మూడంతస్తుల పైపురా, నాయనా! వెళ్ళు!" అన్నాడు పెద్దాయన.

వాళ్ళు దిగిపోయారు. అత్తగారు వెళ్తూ వెళ్తూ భర్త వంక చూసిన చూపు కోడలు చూడకుండా ఉంటే బాగుండేది.

"ఏ తూముకి ఎంత లోతు కూరానో నాకే తెలుసు" అన్నాడు పెద్దాయన. "నేను వెళ్తాను. వద్దంటే మానేస్తాను. నువ్వు చెప్పు, ఇంజనీరమ్మా."

ఆ పేరులో ఇప్పుడు వెటకారం లేదు. సీటు వచ్చిననాడు వీధి వీధంతా చాటుతూ పిలిచిన పిలుపది. జీవితంలో మొదటిసారి ఆయన తన కప్పు గురించి ఇంకొకరిని అడుగుతున్నాడు. జవాబు కోసం నిజంగానే ఆగాడు.

ఆమె కప్పు వంక చూసింది. వాన జోరందుకుంది. కింద ఎవరో అరుస్తున్నారు, డాక్టరు మెట్ల మీద ఎవరికో ధైర్యం చెబుతున్నాడు. వాళ్ళు ఇంకా మెట్లలోనే ఉన్నారు. నీళ్ళు నిలిచే లోగా దిగుతారా? ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటోంది. ఆ లెక్కలో ఒక పక్క కన్నతండ్రి ఉన్నాడు. అలాంటి లెక్క ఏ చదువూ నేర్పదు. కోడలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గోడ వెంటే వెళ్ళు" అంది చివరికి. "గోడ పక్కన కప్పు గట్టిగానే ఉంది. ఒక చెయ్యి పిట్టగోడ మీదే ఉంచు, నాన్నా. తియ్యకు. మధ్యలోకి మాత్రం అడుగు పెట్టకు."

"సరే" అన్నాడు. బుద్ధిమంతుడిలా తలూపాడు.

వదినా మరదళ్ళిద్దరూ మేడ తలుపు దగ్గర గుమ్మంలోనే నిలబడ్డారు. పెద్దాయన వానలోకి దిగాడు. ఎడమ చెయ్యి పిట్టగోడ మీద ఆనించి, ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ మొదటి తూము దగ్గరికి వెళ్ళాడు. వంగి, కుడి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి గోనెగుడ్డ లాగేశాడు. నీళ్ళు గడగడమని పైపులోకి దూకాయి. కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. రెండో తూము. మూడోది మొండికేసింది, లాగి లాగి వెల్లకిలా పడబోయి నిలదొక్కుకున్నాడు. అదీ వచ్చేసింది.

"వచ్చెయ్, నాన్నా! చాలు! అలాగే వెనక్కి వచ్చెయ్!"

ఆయన వినిపించుకోలేదు. వానలో నానిపోతున్న ఇసక కుప్ప వంక చూస్తున్నాడు. పొద్దుటి నుంచి తను ఎక్కించిన కుప్ప, నడి మధ్యన, అందులో గుచ్చి వదిలేసిన పార. దాని చుట్టూ నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. అక్కడ కప్పు కుంగి ఉందని ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, నీళ్ళే చూపిస్తున్నాయి.

ఆయన అటు తిరిగి ఏదో అన్నాడు. వాన హోరులో వినిపించలేదు. కూతురు ముందుకి ఉరకబోతే కోడలు రెండు చేతులా నడుము పట్టి ఆపింది.

"నాన్నా! చెయ్యి! చెయ్యి తియ్యకు!"

పెద్దాయన పిట్టగోడ మీంచి చెయ్యి తీసేశాడు.